పనిమీద వెళ్ళి పని చెయ్యకూడదు

మన తెలుగులో 'పని' అన్న మాటకున్నంత పొదుపు ఇంకే మాటకీ లేదేమో అనిపిస్తుంది నాకు. "ఏదో పనిమీద ఊళ్ళోకి వచ్చాను, పనిలో పని మిమ్మల్నీ ఒకసారి చూసిపోదామని..." అంటూ చుట్టాలాయన గుమ్మంలో చెప్పులు విప్పుతాడు. ఆయన వచ్చిన పని రిజిస్ట్రారాఫీసులో కావచ్చు, కోర్టు వాయిదా కావచ్చు, కూతురికి సంబంధం చూడటం కావచ్చు. చేతులతో చేసేది అందులో ఏమీ వుండదు, మహా అయితే ఒక సంతకం. ఆయనకి నేను కాఫీ కలుపుతూ వుండగానే పెరటి గుమ్మంలోంచి రత్తమ్మ "రేపు పనికి రానమ్మగారూ" అంటుంది. ఆవిడదీ పనే. పనిమీద రావటానికీ, పనికి రావటానికీ మధ్య తేడా అల్లా ఒక్క విభక్తి.

ఆ ఒక్క విభక్తిని పట్టుకుని అమెరికావాళ్ళు నూటనలభై ఏళ్ళుగా చట్టాలు రాస్తున్నారనీ, కోర్టులకెక్కుతున్నారనీ ఎవరైనా చెబితే నేనూ నమ్మేదాన్ని కాదు. మా తమ్ముడి పుణ్యమా అని నమ్మవలసివచ్చింది.

2007 సంగతి. అప్పటికి వాడు హైదరాబాదులో ఒక సాఫ్టువేరు కంపెనీలో చేరి రెండేళ్ళయింది. కంపెనీ పేరెందుకు లెండి. మూడు నెలలు అమెరికా వెళ్ళి రావాలన్నారు. బి-వన్ వీసా మీద పంపిస్తామన్నారు. అంటే వ్యాపార నిమిత్తం వచ్చిపోయేవాళ్ళకిచ్చే వీసా. ఉద్యోగం చేసుకోవటానికిచ్చే హెచ్-వన్-బి వీసా వేరే వుంది గాని, దానికి ఏడాదికింతమందికేనని లెక్క. ఆ ఏడు ఏప్రిల్లో దరఖాస్తులు తీసుకోవటం మొదలుపెట్టిన మొదటిరోజే ఆ లెక్క దాటిపోయింది. అప్పట్లో హైదరాబాదులో అమెరికా కాన్సలేటూ లేదు, 2008 లోగాని రాలేదు. తెలుగువాళ్ళంతా మద్రాసు పోవలసిందే. అందుకని వాడు ముందురోజు బెజవాడలో మా ఇంట్లో దిగాడు, పొద్దున్నే పినాకినిలో బయల్దేరవచ్చునని.

రాత్రి భోజనాలయ్యాక కంపెనీవాళ్ళిచ్చిన కాయితం ముందు పెట్టుకుని పాఠం అప్పచెప్పటం మొదలుపెట్టాడు. నేను వీసా ఆఫీసర్ని.

"అక్కడికెళ్ళి ఏం చేస్తావు?"

"మీటింగులకి వెడతాను. క్లయింటుతో చర్చలు జరుపుతాను. వాళ్ళకేం కావాలో తెలుసుకుని వస్తాను."

"అక్కడ పని చేస్తావా?"

"చెయ్యను."

పక్కన మల్లెపూలు కట్టుకుంటున్న అమ్మ దారం ఆపేసింది. "అదేమిట్రా! పని చెయ్యనివాడికి విమానం టిక్కెట్టు కొనిచ్చేదెవరురా?"

"నీకు తెలీదు, నువ్వు కాస్త వూరుకోవే అమ్మా" అని వాడు విసుక్కున్నాడు. ఆ కాయితం నేను చూశాను. అడుగున గీత గీసి మరీ రాసివుంది - పని, ఉద్యోగం, ప్రాజెక్టు అన్న మాటలు నోట రానివ్వవద్దని.

వాడికి వీసా వచ్చింది, వెళ్ళాడు, మూడునెలలకి చాక్లెట్లు పట్టుకుని వచ్చాడు. కాని అమ్మ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. చదివింది బి.ఏ. చరిత్రాయె. ఏ ముడి చూసినా మొదలెక్కడా అని వెతకటం ఆ చదువువల్ల అబ్బిన జబ్బు.

మొదలు చీనావాళ్ళ దగ్గరుంది. కాలిఫోర్నియాలో బంగారం తవ్వటానికీ, అడవులూ కొండలూ దాటించి రైలుపట్టాలు వెయ్యటానికీ వచ్చిన చీనా కూలీలని, పట్టాలు వెయ్యటం పూర్తయి పనులు తగ్గేసరికి తెల్లకూలీలు చూడలేకపోయారు. 1882 మే నెలలో చట్టం చేశారు. చీనా కూలీ ఎవడూ, పనితనం వున్నవాడైనా లేనివాడైనా, పదేళ్ళపాటు అమెరికాలో అడుగుపెట్టకూడదు. అయితే చీనాతో వర్తకం కావాలి కదా! అంచేత వర్తకులు, విద్యార్థులు, ఉపాధ్యాయులు, దేశం చూసిపోదామని వచ్చేవాళ్ళు నిరభ్యంతరంగా రావచ్చునన్నారు.

చట్టం రాయటం తేలికే. ఓడ దిగినవాణ్ణి చూసి వాడు వర్తకుడో కూలివాడో చెప్పటం ఎలాగ? పదకొండేళ్ళు కొట్టుకుని 1893లో దానికొక నిర్వచనం చేశారు. వర్తకుడంటే ఒక స్థిరమైన చోట, తన పేరుమీద, సరుకులు కొని అమ్మేవాడు. తన వర్తకానికి తప్పనిసరి అయితే తప్ప చేతులతో ఏ పనీ చెయ్యనివాడు. అదే చట్టంలో కూలివాడెవడో కూడా చెప్పారు. గనుల్లో దిగేవాడు, చేపలు పట్టేవాడు, వాటిని ఎండబెట్టి అమ్మేవాడు, గంప నెత్తినపెట్టుకుని వీధులవెంట తిరిగేవాడు, లాండ్రీ పెట్టుకున్నవాడు - అందరూ కూలీలే. సొంత డబ్బు పెట్టి, సొంత దుకాణంలో, నలుగురు కుర్రాళ్ళని పెట్టి బట్టలుతికించే లాండ్రీవాడు కూడా కూలీయేనట!

అమెరికాలో కొట్టు పెట్టుకున్న చీనా వర్తకుడు పెళ్ళాంపిల్లల్ని చూసుకుందామని ఒకసారి స్వదేశం వెళ్ళాడనుకోండి. తిరిగి రావాలంటే, వెళ్ళేముందు ఏడాదిపాటు తను చేతిపనేదీ చెయ్యలేదని రుజువు చెయ్యాలి. సాక్షులు ఇద్దరు కావాలి. వాళ్ళు చీనావాళ్ళు కాకూడదు. అంటే వీధి చివర పాలు పోసేవాడో, ఎదురింటి తెల్లదొరో వచ్చి, ఈయన గల్లాపెట్టె దగ్గర కూర్చోవటమే తప్ప ఇంకేమీ చెయ్యగా మేము చూడలేదండీ అని ప్రమాణం చెయ్యాలన్నమాట. మా వీధి కిరాణాకొట్టాయన్ని తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. పప్పు తూచేదీ ఆయనే, పొట్లం కట్టేదీ ఆయనే, లారీ వచ్చినరోజు బస్తా భుజానికెత్తేదీ ఆయనే. ఆయనకోసం ఏ సాక్షి ఏం చెప్పగలడు?

మనిషికి గోడ కడితే నిచ్చెన వేస్తాడు. హోటలు యజమాని కూడా వర్తకుడి కిందికే వస్తాడని 1915లో ఒక కోర్టు ఒప్పుకుంది. అయితే ఆయన ఏడాదిపాటు హోటలు వ్యవహారం చూడాలేగాని వంట చెయ్యకూడదు, వడ్డించకూడదు, గిన్నె ముట్టుకోకూడదు. అంతే, చుట్టపక్కాలు తలా కాస్త డబ్బు వేసుకుని హోటలు పెట్టటం, ఏడాదికో ఏడాదిన్నరకో ఒకరు చొప్పున మేనేజరు కుర్చీలో వంతులవారీగా కూర్చోవటం మొదలయింది. వంతు వచ్చినవాడు ఆ ఏడాది వర్తకుడు. వర్తక పత్రం చేతికొచ్చాక పోయి కొడుకునో భార్యనో తెచ్చుకునేవాడు. తరవాత మళ్ళీ వంటింట్లోకి. అమెరికా పట్నాల్లో ఆనాడు అన్ని చీనా హోటళ్ళు వెలిశాయంటే నాలికరుచి ఒక్కటే కారణం కాదు. ఆ చట్టాన్ని 1943లో గాని రద్దుచెయ్యలేదు.

చీనావాళ్ళని ఆపినంతమాత్రాన తీరలేదు. ఐరోపానుంచి కూలీలని ముందే కుదుర్చుకుని, ఓడకూలి కూడా ఇచ్చి తెప్పించుకుంటున్నారు ఫ్యాక్టరీల వాళ్ళు, ఇక్కడి కూలిరేట్లు పడగొట్టటానికి. అందుకని 1885లో ఇంకో చట్టం వచ్చింది. ముందే పని ఒప్పందం చేసుకుని పరదేశం నుంచి ఎవరూ రాకూడదు, ఎవరూ తెప్పించుకోకూడదు. నటులూ గాయకులూ ఉపన్యాసకులూ మాత్రం మినహాయింపు. ఇందులో తమాషా చూడండి. ఓడ దిగినవాణ్ణి "నీకిక్కడ పని కుదిరిందా?" అని అడుగుతారు. కుదిరిందంటే ఒప్పందం కూలీ, కాబట్టి వెనక్కి. కుదరలేదంటే తిండికి గతిలేక ప్రభుత్వం మీద పడతాడేమోనని అనుమానం, దానికింకో చట్టం, కాబట్టి అదీ వెనక్కే. ఎల్లిస్ దీవిలో దిగిన పల్లెటూరి మనిషికి ఈ రెంటి నడుమ జవాబు ముందే నేర్పి పంపించేవాళ్ళు చుట్టాలు. మా తమ్ముడి కాయితానికి తాతముత్తాతలు అక్కడున్నారు.

ఆ వలలో మొదట పడ్డ పెద్దచేప ఎవరనుకున్నారు? ఒక పాదిరీగారు! న్యూయార్కులో హోలీ ట్రినిటీ చర్చివాళ్ళు 1887లో ఇంగ్లండు నుంచి వాల్పోల్ వారెన్ అనే ఆయన్ని తమ చర్చికి గురువుగా పిలిపించుకున్నారు. ముందే ఒప్పందం చేసుకున్నారు కాబట్టి చట్టప్రకారం వెయ్యి డాలర్లు కట్టమంది కింది కోర్టు. సుప్రీంకోర్టు దాకా వెళితే 1892లో జస్టిస్ బ్రూవర్ ఆ తీర్పు కొట్టేశారు. చట్టం ఆపదలచింది చవక కూలీలనేగాని బుర్రతో పనిచేసేవాళ్ళని కాదన్నారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చట్టంలో వున్నది మాత్రం 'ఎటువంటి శ్రమగాని, సేవగాని' అనే. చదువుకున్నవాడు చేస్తే పనికి పేరు మారిపోవటం మనకి కొత్త కాదు లెండి.

ఇక 'వ్యాపారం' అన్న మాట 1924 చట్టంలో కనిపిస్తుంది. వలసలకి దేశాలవారీగా లెక్కలు కట్టిన ఆ చట్టంలో, వినోదానికో వ్యాపారానికో తాత్కాలికంగా వచ్చేవాళ్ళు వలసవచ్చినవాళ్ళు కారని ఒక ముక్క చేర్చారు. వాళ్ళు వాడిన మాట 'బిజినెస్'. అదీ మన 'పని' లాంటి గడుసుమాటే. దుకాణం పెట్టుకోవటమూ బిజినెస్సే, ఎవరి పని వాళ్ళు చూసుకోమనటానికీ అదే మాట.

ఈ గడుసుతనం నయాగరా దగ్గర బయటపడింది. జలపాతానికి ఇటు అమెరికా, అటు కెనడా. మధ్యన వంతెన. అటు ఇల్లుండి ఇటు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు రోజూ టిఫిను డబ్బా పట్టుకుని దాటుతూ వుండేవాళ్ళు, మన కృష్ణ వంతెన దాటి తాడేపల్లి వాళ్ళు బెజవాడ వచ్చినట్టు. 1927 ఏప్రిల్లో వలసశాఖవాళ్ళు, కూలికి పనిచెయ్యటానికి వచ్చేవాడు 'వ్యాపారానికి వచ్చినవాడు' కాడు పొమ్మన్నారు. అలా వంతెన మీద ఆపేసిన వాళ్ళలో మేరీ కుక్ అని స్కాట్లండులో పుట్టిన ఆవిడ వుంది. నూలు వడికే పని ఆవిడది. ఇటలీలో పుట్టిన ఆంటోనియో దనెలాన్ ఇంకొకాయన. ఇద్దరూ కోర్టుకెళ్ళారు. రాత్రికి మా ఇళ్ళకి మేము వెళ్ళిపోతున్నాం, మేం వలసవాళ్ళమెలా అవుతామన్నారు. పైగా 1794లో అమెరికా బ్రిటన్ తో చేసుకున్న సంధి ప్రకారం సరిహద్దు దాటటానికి మాకు హక్కుందన్నారు.

1929 ఏప్రిల్లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1812 యుద్ధంతో ఆ సంధిలో ఆ షరతు చచ్చిపోయిందట. ఇక 'వ్యాపారం' మాటకొస్తే, అర్థం ఎంత విశాలమైనా, చట్టం ఎందుకు పుట్టిందో చూసి చెప్పుకోవాలి. ఇది అమెరికా కూలివాడి తిండి కాపాడటానికి పుట్టిన చట్టం. కాబట్టి కూలికి చేసే పని వ్యాపారం కాదు. అంతే. నూలు వడికే మేరీ కుక్ ఆ తరవాత ఏమైందో తీర్పులో వుండదు. తీర్పులు మనుషుల్ని అక్కడిదాకా తీసుకొచ్చి వదిలేస్తాయి. నాలాంటి నవలలు రాసుకునేవాళ్ళకి అదే బాధ.

1952లో పాత చట్టాలన్నీ కలిపి ఒక పెద్ద చట్టం చేసినప్పుడు ఈ తీర్పుని కూడా అందులో ఇమిడ్చారు. వ్యాపార నిమిత్తం రావచ్చు, పనితనం కావలసిన శ్రమగాని అక్కర్లేని శ్రమగాని చెయ్యటానికి మాత్రం రాకూడదని. ఇవాళ్టికీ అదే మాట.

ఇంతవరకూ గీత తిన్నగానే వుంది. దాన్ని వంకర తిప్పినవాడు ఒక దర్జీ. నాకు ఈ కథ మొత్తంలో ఇష్టమైన మనిషి అతనే.

పేరు హీరా. హాంకాంగులో కొలతకి సూట్లు కుట్టే ఒక కంపెనీలో ఉద్యోగి. 1960ల్లో వ్యాపార వీసా మీద అమెరికా వచ్చి, గిరాకీలని కలుసుకుని, గుడ్డ నమూనాలు చూపించి, టేపుతో భుజం, ఛాతీ, నడుము, కాలు పొడుగు కొలిచి, ఆ కొలతలు హాంకాంగు పంపేవాడు. సూటు అక్కడ కుట్టి పార్సెల్లో పంపేవాళ్ళు. వలసశాఖవాళ్ళు ఇతన్ని పట్టుకుని, నువ్వు చేస్తున్నది దర్జీ పని, పోవలసిందే అన్నారు. వలస అప్పీళ్ళ బోర్డు 1965లో ఏమందంటే - ఇతని జీతం ఎక్కడినుంచి వస్తోంది? హాంకాంగు నుంచి. లాభం ఎక్కడికి పోతోంది? హాంకాంగుకే. సూటు తయారయేది ఎక్కడ? అదీ అక్కడే. ఇక్కడ కొలవటం ఆ దేశాంతర వర్తకంలో ఒక భాగం మాత్రమే. కాబట్టి ఇతను వ్యాపారం మీద వచ్చినవాడేగాని పనికి వచ్చినవాడు కాడు. 1966లో అటార్నీ జనరల్ కూడా సరేనన్నారు. అప్పటినుంచీ వ్యాపార వీసా మీద వచ్చినవాడు ఏం చెయ్యవచ్చన్న ప్రశ్న పుడితే ఈ దర్జీ టేపుతోనే కొలుస్తున్నారు.

అంటే కొలతలు తియ్యవచ్చు, సూది పట్టుకోకూడదు. గుండీ ఊడితే? తెలీదు. ఎవరూ అడిగినట్టు లేదు.

ఇక్కడ ఆడవాళ్ళకి సంబంధించిన ముక్క ఒకటి చెప్పి ముందుకెడతాను. అమెరికాకి తాత్కాలికంగా వెళ్ళే పెద్ద ఉద్యోగి తన వెంట వంటమనిషినో ఆయానో తీసుకెళ్ళాలంటే, ఆవిడకి ఇవ్వగల వీసా ఏమిటో తెలుసునా? ఈ వ్యాపార వీసాయే! ఒప్పంద పత్రం రాసుకోవాలి, అక్కడి జీతం లెక్కల ప్రకారం ఇవ్వాలి, అక్కడికెళ్ళాక పనికి అనుమతి వేరే తీసుకోవాలి. షరతులు మంచివే. కాని తెల్లారుఝామున లేచి అంట్లు తోముకునే మా రత్తమ్మ వ్యాపారానికి వచ్చిన మనిషనీ, మా తమ్ముడు కంప్యూటరు ముందు కూర్చుంటే పనికి వచ్చినవాడనీ అంటే నాకు మళ్ళీ మొదటినుంచి చదువుకోవాలనిపిస్తుంది.

దర్జీ తరవాత తాపీమేస్త్రీలు. విదేశంలో కొన్న యంత్రాన్ని బిగించటానికీ, బాగుచెయ్యటానికీ అమ్మిన కంపెనీ మనుషులు వ్యాపార వీసా మీద రావచ్చునని వలసశాఖ తన లోపలి సూచనల్లో రాసుకుంది. సబబుగానే వుంది. మిక్సీ కొంటే కంపెనీ కుర్రాడు వచ్చి చూపించి పోతాడు, అతను మా ఇంట్లో ఉద్యోగానికి చేరినట్టు కాదుగదా. అయితే 1980ల్లో కాలిఫోర్నియాలో హోంస్టేక్ అనే గనుల కంపెనీ బంగారపు ఖనిజాన్ని శుద్ధిచేసే కర్మాగారం కడుతూ, దానికి కావలసిన సామగ్రి కొంత పశ్చిమజర్మనీ కంపెనీ నుంచి తెప్పించింది. ఆ సామగ్రితోబాటు ఇటికలు పేర్చటానికి జర్మనీ మేస్త్రీలూ వచ్చారు, ఈ వీసాల మీదే. అమెరికా తాపీవాళ్ళ యూనియన్ ఊరుకుంటుందా? మా ఊళ్ళో ఇటిక పేర్చగలవాళ్ళు లేకనా, అని కోర్టుకెళ్ళింది. ఇటిక మీద ఇటిక పెట్టటం వ్యాపారం కాదు, పని; ఆ సూచన చట్టానికే విరుద్ధమని 1985లో కోర్టు చెప్పింది.

అప్పుడొక సర్దుబాటు చేశారు, ఇప్పటికీ వుంది. యంత్రం అమ్మినవాడి మనిషి వచ్చి బిగించవచ్చు, మరమ్మతు చెయ్యవచ్చు, వాడకం నేర్పవచ్చు - అమ్మకం ఒప్పందంలో ఆ మాట వుంటే, అతని జీతం అతని దేశంలోనే అందుతుంటే. కట్టుబడి పని మాత్రం చెయ్యకూడదు. కట్టుబడి చేసేవాళ్ళ పక్కన నిలబడి అజమాయిషీ చెయ్యవచ్చు, నేర్పవచ్చు, తాపీ మాత్రం చేత్తో పట్టుకోకూడదు. మన ఇంటి కట్టుబడి చేయించిన వాళ్ళకెవరికైనా తెలుస్తుంది, పక్కన నిలబడ్డ మేస్త్రీ ఎంతసేపు చేతులు కట్టుకుని వుండగలడో.

ఇక మా తమ్ముడు. వాడు అక్కడ ఏం చేశాడో ఆరేళ్ళదాకా నాకు చెప్పలేదు. 2013 అక్టోబరులో ఇన్ఫోసిస్ కంపెనీ ఇదే వ్యాపార వీసాల వ్యవహారంలో అమెరికా ప్రభుత్వానికి 3 కోట్ల 40 లక్షల డాలర్లు కట్టి రాజీపడిందని పేపర్లో వచ్చింది. వీసాకి వెళ్ళేవాళ్ళకి పనిలా వినిపించే మాటలు వాడవద్దని చెప్పి పంపారన్నది అక్కడి ప్రభుత్వం చేసిన ఆరోపణల్లో ఒకటి. కంపెనీ తాము మోసం చెయ్యలేదనే అంది. తమ్ముడిది ఆ కంపెనీ కాదు. అయినా ఆ రాత్రి ఫోను చేశాడు. "అక్కా, పేపరు చూశావా? నేను అప్పచెప్పిన పాఠం గుర్తుందా?" అన్నాడు.

మొదటి వారం నిజంగానే మీటింగులట. రెండోవారం నుంచి ఒక బల్ల చూపించి కూర్చోమన్నారు. పొద్దున్న ఎనిమిదినుంచి రాత్రి ఎనిమిదిదాకా ప్రోగ్రాములు రాయటమే. అంతకుముందు ఆ బల్ల ఎవరిదో, ఆయన పేరు చీటీ ఫోను మీద అంటించి అలాగే వుందిట. తీసెయ్యటానికి చెయ్యి రాలేదన్నాడు. ఒకరోజు పక్కసీటావిడ మామూలుగా కబుర్లాడుతూ "నీది ఏ వీసా?" అని అడిగిందట. తలనెప్పని చెప్పి బాత్రూములో పావుగంట నిలబడ్డాడట. గేటు దగ్గర యూనిఫారంలో వాచ్ మన్ కనిపిస్తే చాలు, గుండె దడదడ. జీతం హైదరాబాదు బ్యాంకులో రూపాయల్లోనే పడేది. హీరా జీతం హాంకాంగులో పడ్డట్టే. కాని హీరా కొలతలు తీసుకుని పంపేశాడు. వీడు కొలిచిందీ అక్కడే, కుట్టిందీ అక్కడే. "కుట్టకుండా వచ్చేస్తే వుద్యోగం వుంటుందా అక్కా?" అన్నాడు. కాయితం తయారుచేసినవాళ్ళెవరూ మద్రాసులో ఆ కిటికీ ముందు నిలబడలేదు. దరఖాస్తు కింద సంతకం వాడిది.

ఆ ఫోను మీది చీటీ సంగతి నేను చాలాసార్లు తలుచుకుంటాను. 1929లో జడ్జీగారు కాపాడదలచినది ఆ పేరున్న మనిషినే కదా!

తరవాత వాడు సరైన వీసా మీదే వెళ్ళి టెక్సస్ లో స్థిరపడ్డాడు. మరదలికి నెలలు నిండుతుంటే అమ్మ బయల్దేరింది, హైదరాబాదు కాన్సలేటులోనే ఇంటర్వ్యూ. ఈసారి తమ్ముడు ఫోనులో అమ్మకి పాఠం చెప్పాడు: "పురుడు పోయటానికని అనకమ్మా, చూడటానికని అను." ఆ వీసా వ్యాపారానికి కాదు, విహారానికిచ్చేది. అమ్మ ఇంటర్వ్యూలో "మనవణ్ణి చూడ్డానికండీ" అంది, అక్షరం పొల్లుపోకుండా. మనవడో మనవరాలో ఇంకా తెలీనేలేదు! ఆరునెలలు విహరించి వచ్చింది. బిడ్డకి నలుగు, లాలపొయ్యటం, సాంబ్రాణి, బాలింతకి పథ్యం, రోజూ రెండుపూటలా వంట. "అక్కడ పనేముంటుందే, అన్నీ మిషన్లేగా" అంది నాతో, నడుముకి అమృతాంజనం రాసుకుంటూ.

2025 సెప్టెంబరు 4న జార్జియా రాష్ట్రంలో, ఎలాబెల్ అనే ఊరి దగ్గర హ్యూండాయ్, ఎల్.జి. కంపెనీలు కలిసి కడుతున్న బ్యాటరీ ఫ్యాక్టరీ మీద వలసశాఖవాళ్ళు దాడిచేశారు. 475 మందిని పట్టుకున్నారు. అందులో మూడువందల పైచిలుకు కొరియా నుంచి వచ్చినవాళ్ళు. కొందరు వీసా అక్కర్లేని అనుమతి మీద, కొందరు ఈ వ్యాపార వీసా మీద వచ్చారు. కొరియాలో తయారైన యంత్రాలు బిగించటానికి వచ్చామన్నారు చాలామంది. బిగించటమా, కట్టుబడా? నేర్పటమా, చెయ్యటమా? నలభై ఏళ్ళనాటి తాపీమేస్త్రీల తగాదాయే, అక్షరం మారలేదు. వారం తరవాత ప్రత్యేక విమానంలో వాళ్ళని ఇంటికి తీసుకుపోయింది కొరియా ప్రభుత్వం. ఆ నెలాఖరుకి రెండు ప్రభుత్వాలూ కూర్చుని మాట్లాడుకుంటే, యంత్రాలు బిగించటానికీ మరమ్మతుకీ వ్యాపార వీసా పనికొస్తుందని అమెరికా మళ్ళీ ఒప్పుకుంది.

దాడి జరిగిన రెండుమూడు రోజులకి టీవీలో ఆ బొమ్మలు వేశారు. పసుపుపచ్చ చొక్కాల మనుషుల్ని బస్సుకి ఆనించి నిలబెట్టి, చేతులకీ నడుముకీ కాళ్ళకీ గొలుసులు వేస్తున్నారు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగి చూసింది.

"వీళ్ళేం చేశారే?"

"పని చేశారమ్మా" అన్నాను.

అమ్మ ఇంకేమీ అనలేదు. కాసేపయ్యాక, మేము మాట్లాడుకునే ఆదివారం కాకపోయినా, తమ్ముడికి ఫోను కలపమంది.